బాపు ఎక్కిన రెండంతస్తుల బస్సు

మొన్న ఒక ఆదివారం మా చెల్లెలి కూతురు నన్ను పట్టుబట్టి ట్యాంక్‌బండ్ మీదికి తీసుకుపోయింది. సిద్దిపేటలో పొద్దున్నే రైలెక్కి నగరంలో దిగానన్న సంబరంలోనే ఉన్నాను నేనింకా. మా ఊరికి రైలు రావడం చూడకుండానే మా ముందు తరమంతా వెళ్ళిపోయింది, మేమూ అట్లాగే పోతామేమో అనుకుంటూ ఉండగా ఈ వయసులో ఆ ముచ్చట తీరింది మరి. అంతలో ఆ పిల్ల "పెద్దమ్మా, రైలైతే ఎక్కినవు, ఇగ ఇది ఎక్కుదాం దా" అని చెయ్యి పట్టి లాగింది. చూస్తే రెండంతస్తుల బస్సు. కరెంటుతో నడుస్తుందట. చప్పుడు లేదు, పొగ లేదు, అద్దాలు మెరిసిపోతున్నాయి. ఒక ఊరికని పోయేది కాదు, చెరువు చుట్టూ తిప్పి వింతలు చూపించి మళ్ళీ ఎక్కిన చోటే దించుతుందట. పిల్లలు ఒకరినొకరు తోసుకుంటూ పై అంతస్తుకు పరుగెత్తారు. నేను మాత్రం మెట్ల దగ్గర కమ్మీ పట్టుకుని నిలబడిపోయాను. మోకాళ్ళ నొప్పులు, మీరు పైకి పొండి, నేను కిందనే కూర్చుంటానన్నాను. మోకాళ్ళ నొప్పులు ఉన్నమాట నిజమే కాని, ఆ మెట్ల దగ్గర నన్ను ఆపినవి అవి కావు.

మన ఈడు వాళ్ళకు గుర్తుండే ఉంటుంది, ఆ రోజుల్లో హైదరాబాదు పోయి వచ్చినవాళ్ళను ఊళ్ళోవాళ్ళు ముందుగా అడిగే ప్రశ్నలు కొన్ని ఉండేవి. జూలో పులిని చూసినవా, మ్యూజియంలో గంట కొట్టే బొమ్మను చూసినవా, మీది బస్సు ఎక్కినవా అని. డబుల్ డెక్కర్ అనే మాట మా వాడలో ఎవరికీ నోరు తిరిగేది కాదు, పైన ఇంకో అంతస్తు ఉంటుంది కనుక మాకది మీది బస్సే. దవాఖాన పనికో, కోర్టు పనికో పోయినవాళ్ళు కూడా పని కాకపోయినా సరే ఆ బస్సు మాత్రం ఎక్కి వచ్చేవారు. మా పక్కింటి చిన్నమ్మ ఒకసారి పోయి వచ్చి, ముందు సీట్లో కూర్చుంటే చెట్ల కొమ్మలు వచ్చి అద్దానికి కొట్టుకుంటాయనీ, మనకే తగులుతాయేమోనని తల వంచుకుంటామనీ, వంచుకున్నందుకు పక్కవాళ్ళు నవ్వుతారనీ వారం రోజులు చెప్పింది. మేము నోళ్ళు తెరుచుకుని విన్నాం. రైలు లేని ఊరి పిల్లలం, మాకు చక్రాల మీద వింత అంటే అదొక్కటే.

అందరూ అట్లా చెప్పుకుంటుంటే మా నాన్న, మేము బాపు అనేవాళ్ళం, ఒక మూల కూర్చుని చుట్ట కాలుస్తూ నవ్వేవాడు. "నా తాడి ముంగట మీ బస్సెంత? గింతంత" అని చిటికెన వేలు చూపించేవాడు.

బాపు తాటిచెట్లెక్కి కల్లు గీసేవాడు. పొద్దున, మాపున చెట్లెక్కాలి. ఒక్కపూట ఎక్కకపోయినా గీత ఎండిపోయి చెట్టు పాడవుతుంది కనుక పెళ్ళికైనా చావుకైనా పొద్దుగూకేలోగా తిరిగి రావాలి. చెట్టుకు సెలవు లేదు బిడ్డా అనేవాడు. అందుకే హైదరాబాదు మాకంత దగ్గరలో ఉన్నా ఆయన ఎన్నడూ పోలేదు. కాని చెట్టు మీద నుంచి మాత్రం అన్నీ చూసేవాడు. చెరువులో నీళ్ళు ఎక్కడిదాకా వచ్చాయో, ఎవరి ఎద్దు ఎవరి చేలో పడిందో, కొమురవెల్లి దిక్కు గుట్టల మీద వాన పడుతున్నదో లేదో దిగి వచ్చి చెప్పేవాడు. ఊరి చివర, రోడ్డు పక్కన ఆయన గీసే చెట్లు కొన్ని ఉండేవి. అక్కడ బస్సు కోసం నిలబడినవాళ్ళు తల పైకెత్తి, బస్సు వస్తుందా అని కేకేసేవారు. ఆయన నడుముకూ చెట్టుకూ కలిపి కట్టిన మోకు మీద వెనక్కి వాలి, కళ్ళ మీద చెయ్యి అడ్డం పెట్టుకుని చూసి, "కల్వర్టు కాడికచ్చింది, మూటలు నెత్తిన వెట్టుకోండ్రి" అని అరిచేవాడు. ఆ మాటతో కూర్చున్నవాళ్ళు లేచి చీరలు, ధోవతులు దులుపుకునేవారు. బస్సు నిజంగానే వచ్చేది. మా బాపే బస్సును తెప్పిస్తున్నాడని చిన్నప్పుడు నేను నమ్మేదాన్ని.

నేను ఇంటర్ చదువుతున్న ఏడు వానాకాలంలో ఆయన చెట్టు మీది నుంచి పడ్డాడు. వానకు నానిన చెట్టు మీద కాలు జారిందో, మోకే జారిందో ఆయనకే తెలియదు. నేను కాలేజీ నుంచి వచ్చేసరికి మా వాకిట్లో ఎవరూ లేరు, పొయ్యి మీద అన్నం మాడి వాసన వస్తున్నది. అప్పటికే నులక మంచం మీద వేసుకుని సిద్దిపేట దవాఖానకు మోసుకుపోయారు. అక్కడివాళ్ళు చూసి హైదరాబాదు పెద్ద దవాఖానకు పొమ్మన్నారు. ఎన్నడూ ఊరు దాటి ఒక్క రాత్రైనా ఉండని మనిషి ఆ రోజు జీపులో పడుకుని, పైన రేకు తప్ప ఇంకేమీ కనిపించకుండా హైదరాబాదు చేరుకున్నాడు.

అవ్వకు, అంటే మా అమ్మకు, చదువు రాదు. మార్కెట్ యార్డులో బస్తాలు మోసే మా మేనమామకు బలముంది కాని బోర్డులు చదవలేడు. అందుకని నన్ను కూడా తోలుకుపోయారు. అక్కడ మేము రెండు నెలల పైన ఉన్నాం. బాపు మంచం మేడ మీది వార్డులో కిటికీ పక్కన పడింది. కిటికీ కింద పెద్ద రోడ్డు. ఆ రోడ్డు మీద మీది బస్సు పోయేది. అదేం లెక్కనో కాని, ఆ బస్సు పై అంతస్తు సరిగ్గా మా కిటికీ ఎత్తుకే వచ్చేది. మొదటిసారి చూసినప్పుడు నేను ఉలిక్కిపడ్డాను, గాలిలో మనుషులు కూర్చుని పోతున్నట్టు అనిపించింది. ట్రాఫిక్‌కు బస్సు ఆగినప్పుడల్లా పైన కూర్చున్నవాళ్ళ ముఖాలు, బాపు ముఖం ఎదురెదురుగా ఉండేవి. ఒకసారి ఒక పాప ఆయనకు చెయ్యి ఊపింది. ఆయనా ఊపాడు. ఆ తర్వాత బస్సు చప్పుడు వినబడితే చాలు, మెడ తిప్పి కాచుకునేవాడు. మందు గోళీల వేళ కన్నా ఆ బస్సు వేళే ఆయనకు బాగా తెలిసింది.

ఒకరోజు చిన్న వయసు డాక్టరొకాయన నన్ను వరండాలోకి పిలిచి, వెన్నుపూస దెబ్బతిన్నదనీ, నడుము కింద ఇక చలనం రాదనీ, ఇంటికి తీసుకుపోయి పుండ్లు పడకుండా చూసుకోవడమే మిగిలిందనీ చెప్పాడు. ఎంతో మెల్లగా చెప్పాడు, పాపం ఆయన చేతిలో మాత్రం ఏముంది. నేను వార్డులోకి వస్తుంటే అవ్వ ఎదురొచ్చి, "ఎన్నొద్దులకు నడుస్తడట బిడ్డా?" అని అడిగింది. నేను డాక్టరు ఇచ్చిన చీటీలు మడతపెట్టుకుంటూ తల వంచుకున్నాను. అవ్వ నా ముఖం చూసి, పోయి బాపు కాళ్ళకు నూనె రాస్తూ కూర్చుంది. అంతకు ముందు రోజు ఎంత గట్టిగా రాసిందో అంతే గట్టిగా రాసింది. నా చదువు ఆ చీటీల మీది అక్షరాలు కూడబలుక్కోవడానికి తప్ప ఇంకెందుకూ పనికిరాదని ఆ పూట నాకు తెలిసింది.

బాపు కాళ్ళ సంగతి నన్ను అడగనే లేదు. ఇంటికి పంపిస్తున్నారని చెప్పినప్పుడు మాత్రం కిటికీ దిక్కు చూస్తూ ఒక్క మాట అన్నాడు.

"పోయేముంగట ఒక్కసారి గా మీది బస్సు ఎక్కాలె."

అవ్వ వినగానే ఏడుపు మొదలుపెట్టింది. నడవలేని మనిషివి, ఆ మెట్లెట్ల ఎక్కుతవు, నలుగురు నవ్వరా అంది. మేనమామ మాత్రం కాసేపు బీడీ కాల్చి, ఆ బస్సు ఎటూ సికింద్రాబాదే పోతుంది, అక్కడ సిద్దిపేట బస్సు దొరుకుతుంది, బావ నోరు తెరిచి అడిగింది ఇదొక్కటే కదా అక్కా అన్నాడు. అవ్వ కళ్ళు తుడుచుకుని సామాను సర్దడానికి లేచింది.

మేనమామ బాపును వీపున వేసుకుని రోడ్డు మీదికి వచ్చాడు. దుప్పట్లు, గిన్నెలు మూటగట్టి అవ్వ నెత్తిన పెట్టుకుంది. మొదట వచ్చిన బస్సు కండక్టరు మమ్మల్ని చూసి పైకి వద్దు, కిందైతేనే ఎక్కండి అన్నాడు. ఆయనదీ తప్పు కాదు, ఆ బస్సు మెట్లు మీకు గుర్తున్నాయో లేదో, వెనక భాగంలో మనిషికి మనిషి తప్పుకోలేనంత ఇరుకుగా, సగంలో మెలి తిరిగి ఉండేవి. ఇంకొకరిని వీపున మోసుకుంటూ ఆ మెలిక దాటడం అయ్యే పని కాదనిపించింది. ఆ బస్సును వదిలేశాం. తర్వాతి బస్సులో కండక్టరు పెద్దాయన, నెరిసిన గడ్డం. ఆయన కూడా, "ఏం భాయ్, గీ మనిషిని గీ మెట్ల మీదికెల్లి ఎట్ల తీస్కపోతవ్?" అనే అడిగాడు. మేనమామ బదులు చెప్పేలోగా బాపే మాట్లాడాడు.

"నన్ను మెట్ల కాడ దించుండ్రి. నేనే ఎక్కుత. ఎక్కుడు నాకు నేర్పకుండ్రి."

మేనమామ ఆయన్ను మొదటి మెట్టు మీద కూర్చోబెట్టాడు. బాపు ఒక్కసారి పైకి చూసుకున్నాడు. చెట్టెక్కే ముందు కూడా ఆయన అట్లాగే చూసేవాడు. తర్వాత రెండు పక్కలా ఉన్న కమ్మీలు పట్టుకుని, ఒక్క గుంజు గుంజి శరీరమంతా లేపి పై మెట్టు మీద వేసుకున్నాడు. మళ్ళీ చేతులు మార్చి, మళ్ళీ గుంజాడు. ముప్పై ఏళ్ళు తాటిచెట్లు ఎక్కిన చేతులవి, రెండు నెలలు మంచాన పడి చిక్కిపోయినా ఆ పట్టు మాత్రం పోలేదు. కాళ్ళు మాత్రం వెనక, ఎవరివో అయినట్టు, ఒక మెట్టు నుంచి ఇంకో మెట్టుకు కొట్టుకుంటూ వస్తున్నాయి. నేను కింద నుంచి వాటిని ఎత్తి పట్టుకోబోయాను. అప్పుడు చూశాను, మెట్టు అంచున రేకు తగిలి ఎడమ కాలి బొటనవేలు చీరుకుపోయింది, రక్తం కారుతున్నది. ఆయనకు తెలియనే తెలియదు. పైన ఆయన నవ్వుతూ, రొప్పుతూ, "అయిపాయె, ఇంకా రెండే" అంటున్నాడు. నేను నా ఓణీ కొంగుతో ఆ వేలిని అదిమి పట్టుకున్నాను. చెప్పి ఏం చేయను? నొప్పి ఉంటే కదా చెప్పడానికి.

కండక్టరు పెద్దాయన గంట కొట్టకుండా తాడు పట్టుకుని అట్లాగే నిలబడ్డాడు. బస్సులో ఎవరూ తొందరపెట్టలేదు. పైన ముందు సీట్లో కూర్చున్న ఇద్దరు కాలేజీ పిల్లలు తమంతట తామే లేచి మాకు జాగా ఇచ్చారు. కిటికీ వైపు బాపు, ఆయన ఒరిగిపోకుండా నడుము చుట్టూ చెయ్యి వేసి మేనమామ, వెనక సీట్లో నేను, అవ్వ. బస్సు కదిలింది.

ఆ ప్రయాణం ఎంతసేపో నేను చెప్పలేను కాని, బాపు ముఖం అట్లా వెలగడం ఆయన పడిన తర్వాత నేను చూసింది అదొక్కసారే. పక్కింటి చిన్నమ్మ చెప్పినట్టే చెట్ల కొమ్మలు వచ్చి అద్దానికి కొట్టుకున్నాయి. అవ్వ తల వంచుకుంది, ఏడుస్తున్నది కాస్తా నవ్వింది. బాపు వంచుకోలేదు. కొమ్మలు ఆయనకు చుట్టాలు. అలవాటు కొద్దీ ముందేమి వస్తున్నదో అందరికీ చెప్పడం మొదలుపెట్టాడు. అగో ఒంటెద్దు బండి అడ్డమొచ్చింది, అగో పోలీసాయన చెయ్యి అడ్డం పెట్టిండు, ఇగ ఆగుతది సూడుండ్రి అంటుంటే, వెనక సీట్లవాళ్ళు కూడా మెడలు చాచి విన్నారు. ట్యాంక్‌బండ్ ఎక్కేసరికి ఎడమ పక్కన నీళ్ళు, నీళ్ళు, నీళ్ళు. చల్లటి గాలి ముఖాన కొట్టింది. అప్పటికి రాతి బుద్ధుడు ఇంకా నీళ్ళ అడుగునే ఉన్నాడు. పడవ మీద తెస్తుంటే మునిగిపోయాడు కదా, ఎక్కడ మునిగాడో చూపించుకుంటూ బస్సులో అందరూ ఆ పక్క కిటికీలకు చేరారు. ఎవరో బాపుకు కూడా వేలు పెట్టి చూపించారు. ఆయన ఆ నీళ్ళకేసి కాసేపు చూసి, నా వైపు తిరిగి, "అంత పెద్ద దేవున్నే లేపలేక ఒడ్డుకు నిలవడి సూస్తున్నరు. నన్నెవరు లేపుతరు బిడ్డా?" అన్నాడు. నవ్వుతూనే అన్నాడు. మేనమామ ముఖం అటు తిప్పుకున్నాడు. కొన్నాళ్ళకు ఆ బుద్ధుణ్ణి పైకి తీసి నిలబెట్టారని పేపరులో చదివి బాపుకు చెప్పినప్పుడు, మంచిగయింది, ఆయన చానా దినాలు తడిసిండు అని మాత్రం అన్నాడు.

సికింద్రాబాదులో బస్సు ఖాళీ అయింది. ఆఖరి స్టాపు, బస్సు తిరిగిపోవాలి, కింద నుంచి కొత్త జనం తోసుకుంటూ ఎక్కుతున్నారు. బాపు మెట్ల దాకా చేతుల మీద జరుగుతూ వచ్చాడు. పై మెట్టు మీద కూర్చుని, ఎక్కినప్పటిలాగే కమ్మీలు పట్టుకుని కిందికి జరగబోయాడు. నడుము నిలవలేదు. శరీరం ముందుకు తూలింది. మేనమామ చెయ్యి అడ్డం పెట్టకపోతే తలకిందులుగా పడేవాడు. వెనక్కి తిరిగి ప్రయత్నించాడు. కాళ్ళు మడతపడి ఒకదాని కింద ఒకటి ఇరుక్కున్నాయి. ఎక్కేటప్పుడు చేతులు చాలు, దిగేటప్పుడు కాళ్ళే కావాలని మాకెవరికీ తోచలేదు, చెట్టూ చేమా ఎక్కి దిగిన ఆయనకు కూడా తోచలేదు. కింద నుంచి జనం అరుస్తున్నారు. ఏందన్నా, దిగుతరా దిగరా అంటున్నారు. పెద్దాయన వాళ్ళను ఆపలేకపోయాడు. మెలిక దాకా ఎక్కినవాళ్ళు అక్కడే ఆగి, మమ్మల్ని చూసి ఏం చేయాలో తెలియక నిలబడ్డారు. అవ్వ మూట అక్కడే పడేసి అందరికీ దండాలు పెట్టడం మొదలుపెట్టింది. వద్దవ్వా అంటున్నాను నేను, నా మాట నాకే వినబడటం లేదు.

చివరికి మేనమామ బాపును బస్తాలాగా భుజాన వేసుకున్నాడు. మామ ముందుకు దిగుతుంటే బాపు తల ఆయన వీపు మీద వేలాడుతూ, వెనక వస్తున్న నా ముఖానికి ఎదురుగా ఉంది. కళ్ళు మూసుకున్నాడు. బస్సును చెట్టు మీది నుంచే పిలిచిన నా తండ్రి, జనం పక్కకు ఒదిగి దారి ఇస్తుంటే, కళ్ళు గట్టిగా మూసుకుని దిగాడు. నేను చేయగలిగిందేమీ లేక ఆయన తల కమ్మీకి తగలకుండా అరచెయ్యి అడ్డం పెట్టుకుంటూ వచ్చాను.

కింద ఫుట్‌పాత్ మీద కూర్చోబెట్టాక, అవ్వ నీళ్ళు తాగించింది. కొంగులో ముఖం దాచుకున్న నన్ను చూసి, ఆయన మెల్లగా అన్నాడు.

"ఎక్కుడైతే ఎక్కిన గని బిడ్డా, దిగుడు నా చేతుల లేదాయె."

పడిన నాటి నుంచి ఆయన కంట నీరు నేను చూడలేదు. ఆ రోజు చూశాను. అవ్వ తన కొంగుతో తుడవబోతే వద్దని తల తిప్పుకుని, ఆ బస్సు మళ్ళీ జనంతో నిండి మలుపు తిరిగిపోయేదాకా చూస్తూ కూర్చున్నాడు.

ఆ తర్వాత ఆయన అయిదారేళ్ళు బతికాడు. వాకిట్లో వేపచెట్టు నీడన మంచం, మంచం మీద ఆయన. వెల్లకిలా పడుకున్న మనిషికి చూరు, చూరు పక్కన ఇంత ఆకాశం తప్ప ఏం కనబడుతుంది? తోటి గీత పనివాళ్ళు దిగి వస్తూ మా వాకిట్లో ఆగి, చెరువు నిండిందనీ, ఫలానావాళ్ళ చేను పచ్చబడిందనీ చెప్పిపోయేవారు. బాపు అన్నీ విని, ఆ గట్టు మీద నీళ్ళు ఎక్కడిదాకా వచ్చాయని వివరంగా అడిగేవాడు. వాడపిల్లలు చుట్టూ చేరి మీది బస్సు ముచ్చట చెప్పమంటే చెప్పేవాడు, కొమ్మలు కొట్టుకోవడం, నీళ్ళు, గాలి, అన్నీ చెప్పి ట్యాంక్‌బండ్ దాకా వచ్చి ఆపేసేవాడు. తర్వాత ఏమైందని ఏ పిల్లా అడగలేదు, పిల్లలకు అంతవరకే చాలు. పుండ్లు పడ్డాయి, మానాయి, మళ్ళీ పడ్డాయి. నా పెద్ద కొడుకు ఆ మంచం పట్టె పట్టుకుని నడక నేర్చుకుంటున్న ఏడు చలికాలంలో ఆయన వెళ్ళిపోయాడు. ఆ పిల్లవాడు అడుగు వేసి పడినప్పుడల్లా తాత చెయ్యి చాచేవాడు కాని, అందేది కాదు.

ఇప్పుడు మా ఊరికి అన్నీ వచ్చాయి. రైలు వచ్చింది, నాలుగు వరుసల రోడ్డు వచ్చింది, హైదరాబాదు పోకుండానే చూసే పెద్ద డాక్టర్లు వచ్చారు. రోడ్డు పక్క తాటిచెట్లు మాత్రం ప్లాట్ల కింద పోయాయి, మిగిలినవి వేళ్ళ మీద లెక్కపెట్టవచ్చు. ఎక్కేవాళ్ళూ తగ్గిపోయారు. నిరుడు ఊరి చివర మిగిలిన ఒక తాడి దగ్గర జనం గుమిగూడి ఉంటే నేనూ ఆగాను. గీత పనివాళ్ళు పడకుండా ఆపే కొత్త సామాను ఏదో వచ్చిందట, దాన్ని ఎట్లా కట్టుకోవాలో చూపిస్తున్నారు. ఇరవై ఏళ్ళ కుర్రవాడు చెట్టు సగం దాకా ఎక్కి, అందరూ చూస్తుండగా, రెండు చేతులూ, రెండు కాళ్ళూ ఒక్కసారి వదిలేశాడు. నడుము దగ్గర పట్టా బిగుసుకుని గాలిలో ఉయ్యాలలా ఊగుతూ నవ్వాడు. అందరూ చప్పట్లు కొట్టారు. నా పక్కన నిలబడిన ఆమె, ఏమైందక్కా, గట్ల నిలవడ్డవు అని అడిగితే అప్పుడు చూసుకున్నాను, నా రెండు చేతులూ ముందుకు చాచి ఉన్నాయి.

ఏం లేదన్నాను. ఇన్ని మంచి వస్తువులు వస్తున్నాయి, రానీ, సంతోషమే. రావలసినప్పుడు రాలేదని ఎవరితో చెప్పుకోవాలో, ఆ చేతులు ఎక్కడ పెట్టుకోవాలో మాత్రం నాకు తెలియలేదు. చీరకొంగు సర్దుకుంటున్నట్టు దించుకుని ఇంటి దారి పట్టాను.